నాలుగు తెరలు, ఒక్క కీబోర్డు: సొంత ఆపరేటింగ్ సిస్టంలో వర్చువల్ కన్సోల్స్

తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి తికమక ఉండదు. శ్రీకాకుళం దగ్గర ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. 32 బిట్ల చిన్న ఆపరేటింగ్ సిస్టం సొంతంగా రాసుకుని క్యూఎములో (యంత్రం లోపల ఇంకో యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం) నడుపుతున్నాడు. ఒకే తెర, ఒకే కీబోర్డు మీద విడివిడిగా పనిచేసే నాలుగు ఉత్తుత్తి తెరలు, అంటే వర్చువల్ కన్సోల్స్ పెట్టి, ఆల్ట్ పట్టుకుని ఎఫ్1 నుంచి ఎఫ్4 వరకు ఏది నొక్కితే ఆ కన్సోల్ వచ్చేలా చేశాడు. వస్తోంది గానీ, రెండో కన్సోల్‌లో నడిచే ప్రోగ్రాం రాత మొదటి దాని మీద పడుతోంది. ఒక్కోసారి ఆల్ట్ వదిలేసినా నొక్కినట్టే ఉండిపోతోంది. ఇంతకీ ఎన్ని కన్సోల్స్ పెట్టాలి, ఏ కీలు ఎంచుకోవాలి అన్నది మూడో ప్రశ్న. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (కీ నొక్కగానే ప్రాసెసర్ చేతిలో పని ఆపి నడిపే కోడు) కూడా పెట్టాడు.

కోడు చూశాను తమ్ముడూ. నీ కష్టాలన్నిటికీ వేరు ఒక్కటే. ఏ చరరాశి యంత్రానిది, ఏది కన్సోల్‌ది అని నువ్వు విడదీయలేదు. కన్సోల్‌కి ఉండాల్సినవి గ్లోబల్‌గా (అన్నిటికీ కలిపి ఒక్కటిగా) పెట్టావు, యంత్రానికి ఒక్కటే ఉండాల్సిన ఆల్ట్ స్థితిని మాత్రం తీసుకెళ్లి కన్సోల్ స్ట్రక్చర్‌లో పెట్టావు. సరిగ్గా తిరగేసి కట్టావన్నమాట.

కోడు పక్కనపెట్టి ఒక కాగితం తీసుకో. మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు యంత్రానికి ఒక్కటే ఉండేవి రాయి: కళ్లకి కనపడే తెర, కీబోర్డు, ఈ క్షణాన ఏయే కీలు నిజంగా కిందకి నొక్కి ఉన్నాయి, ఇప్పుడు ముందున్న కన్సోల్ నంబరు. అంతే, అటువైపు ఇంకేమీ ఉండవు. కుడివైపు మిగతాదంతా: అక్షరాల గళ్లు, కర్సర్ ఎక్కడుంది, ఇప్పటి రంగు, టైప్ చేసింది ఆగే క్యూ, ఎకో (టైప్ చేసింది తెర మీద కనపడటం) ఉందా లేదా, ఎంటర్ కొట్టేదాకా ఆగాలా లేదా, కంట్రోల్+సి కొడితే ఏ ప్రోగ్రాం చావాలి, పైకి ఎంత జరిపి చూస్తున్నారు, క్యాప్స్ లాక్ ఉందా.

కుడివైపు అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: ఎస్కేప్ వరస (రంగు మార్చడం లాంటి వాటికి రాతతో పాటే వచ్చే ఆజ్ఞ) ఎంతవరకు చదివాం అన్న గుర్తు. రంగు మార్చడానికి రెండో కన్సోల్ ప్రోగ్రాం ఎస్కేప్, చదరపు బ్రాకెట్, 3 పంపిందనుకో. మిగిలింది పంపేలోగా టైమర్ కొట్టింది, మొదటి కన్సోల్ ప్రోగ్రాంకి వంతు వచ్చింది. ఆ గుర్తు గ్లోబల్ అయితే మొదటి ప్రోగ్రాం రాసిన తొలి అక్షరాలు రంగు ఆజ్ఞలో భాగమనుకుని నీ కెర్నెల్ మింగేస్తుంది. నెలకోసారి కనపడే తప్పు ఇది, పట్టుకోవడానికి వారం పడుతుంది. నాకు పట్టింది.

ఇక రాత ఒకదాని మీద ఒకటి పడే సంగతి. నీ ప్రింట్ ఫంక్షన్ నేరుగా హెక్స్ బి8000 దగ్గర, అంటే తెర మీది అక్షరాలుండే వీడియో మెమరీలో రాస్తోంది. (హెక్స్ అంటే 16 ఆధారంగా రాసే అంకెలు. ఇక్కడి నుంచి చెప్పే అడ్రసులు, పోర్టులు, కీలు పంపే నంబర్లు అంటే స్కాన్‌కోడ్లు, అన్నీ హెక్స్‌లోనే.) కన్సోల్ మారినప్పుడు ఆ 4000 బైట్లని ఒకచోట దాచి, కొత్త దానివి తెచ్చి పరుస్తున్నావు. 80 గళ్లు, 25 వరసలు, గడికి రెండు బైట్లు, లెక్క సరిగానే ఉంది. కానీ వెనక్కి వెళ్లిన ప్రోగ్రాం ఆగిపోలేదు కదా! దానికి తెలిసిన చోటు బి8000 ఒక్కటే, అక్కడే రాస్తూ పోతుంది. ప్రోగ్రాం ఎప్పుడూ తెర మీద రాయకూడదు, తన కన్సోల్‌కి రాయాలి. కన్సోల్ తన గళ్లలో వేసుకుని, తాను ముందుంటేనే తెరకి కూడా వేస్తుంది. కర్సర్ కూడా అంతే. 3డి4 పోర్టులో 0ఇ, 0ఎఫ్ రిజిస్టర్లని ముందున్న కన్సోల్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. లేకపోతే రాత ఒకచోట, మెరిసే గీత ఇంకోచోట ఉంటుంది.

దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. వీజీఏ (పీసీల పాత వీడియో ప్రమాణం) టెక్స్ట్ మెమరీ కిటికీ 32 కిలోబైట్లు, అంటే 8 తెరలు పడతాయి. ఒక్కో కన్సోల్‌కి అందులోనే ఒక ముక్క ఇచ్చేసి, మారాలనుకున్నప్పుడు 0సి, 0డి రిజిస్టర్లలో మొదలు చిరునామా మారిస్తే చాలు, ఒక్క బైటూ కదపక్కర్లేదు. 1992 జనవరిలో లినక్స్ 0.12లో వర్చువల్ కన్సోల్స్ వచ్చినప్పుడు ఇదే పద్ధతి. వీడియో మెమరీని తెర సైజుతో భాగించి ఎన్ని వస్తే అన్ని, ఎంత ఉన్నా 8కి మించకుండా. చూడముచ్చటగా ఉంటుంది గానీ నీకు వద్దంటాను. యూఈఎఫ్ఐతో (పాత బయోస్ స్థానంలో వచ్చింది) లేచే కొత్త యంత్రాల్లో చేతికిచ్చేది ఫ్రేమ్‌బఫరే (తెర పిక్సెళ్ల మెమరీ), టెక్స్ట్ మోడ్ ఉంటుందన్న నమ్మకం లేదు. రేపు అటు మారితే ఈ కట్టడమంతా కూలగొట్టాలి. గళ్లని మామూలు మెమరీలో ఉంచుకో. అప్పుడు "ఈ గడి తెర మీద వెయ్యి" అనే ఒక్క ఫంక్షన్ మారిస్తే సరిపోతుంది.

ఫ్రేమ్‌బఫర్‌కి వెళ్లినప్పుడు పిక్సెళ్లు దాచకు, గళ్లే దాచు. 1024×768 తెరకి పిక్సెల్‌కి 4 బైట్లు చొప్పున 3 మెగాబైట్లు. అదే 8×16 అక్షరాలైతే 128 గళ్లు, 48 వరసలు, గడికి 4 బైట్లు వేసుకున్నా 24 కిలోబైట్లే. పైగా వీడియో మెమరీ నుంచి వెనక్కి చదవడం చాలా నెమ్మది. రాయడం తప్ప చదవడం అనేదే పెట్టుకోకు.

ఇప్పుడు హ్యాండ్లర్. ఐఆర్‌క్యూ 1 (కీబోర్డు ఇంటరప్ట్) రాగానే అందులోనే కన్సోల్ మార్చేస్తున్నావు. విజయనగరం జంక్షన్‌లో రాయగడ లైను విడిపోయే చోట బండి పాయింట్ల మీద ఉండగా వాటిని కదపరు. కదపాలన్నా ఇంటర్‌లాకింగ్ కదపనివ్వదు. బండి దాటాకే. నీ కెర్నెల్‌లో ప్రింట్ ఫంక్షన్ సగం వరసలో ఉంది, అది బండి. దాని నడుమ ఇంటరప్ట్ వచ్చి తెర మార్చేస్తే, తిరిగొచ్చాక మిగతా సగం వరస కొత్త కన్సోల్ మీద పడుతుంది. పోనీ తాళం (ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపే లాక్) పెట్టావనుకో, ఇంకా ముప్పు. ప్రింట్ చేస్తున్నవాడి దగ్గర తాళం ఉంది, హ్యాండ్లర్ అదే తాళం కోసం కూర్చుంది. హ్యాండ్లర్ లేస్తేగాని వాడు వదలలేడు, వాడు వదిలితేగాని హ్యాండ్లర్ లేవదు. యంత్రం బిగుసుకుపోతుంది.

అందుకని హ్యాండ్లర్‌ పని ఇంతే: 60 పోర్టులో బైటు చదువు, చిన్న రింగ్ బఫర్‌లో (చివరికొస్తే మళ్లీ మొదటికి తిరిగే క్యూ) పడెయ్యి, ఇంటరప్ట్ అయిందని చెప్పు, బేగి బయటికి రా. మిగతాదంతా కీబోర్డు కోసం పెట్టిన ఒక కెర్నెల్ త్రెడ్ (కెర్నెల్ లోపల విడిగా నడిచే పని) చూసుకుంటుంది. లినక్స్ కూడా ఇంటరప్ట్‌లో "ఈ నంబరుకి మారాలి" అని ఒక చరరాశిలో రాసి పెట్టుకుని, అసలు మార్పిడి తర్వాత చేస్తుంది. కానీ నువ్వు ఆ పద్ధతి మక్కీకి మక్కీ దించుకోకు, ఎందుకో చెప్తాను.

ఆల్ట్+ఎఫ్4 కొట్టి, తెర మారేదాకా చూడకుండా పాస్‌వర్డ్ టైప్ చేశాననుకో. చేయి తిరిగినవాళ్లు అలాగే చేస్తారు. మార్పిడి తర్వాతకి వాయిదా పడి, అక్షరాలు మాత్రం ఇప్పుడే క్యూలోకి వెళ్తే, తొలి రెండు మూడు అక్షరాలు పాత కన్సోల్‌లో పడతాయి. అక్కడ ఎకో ఉంటే అందరికీ కనపడతాయి కూడా. నీ త్రెడ్ రింగ్ బఫర్‌ని వరస తప్పకుండా ఒక్కొక్క బైటు తీస్తూ పోవాలి. హాట్‌కీ (ఆల్ట్+ఎఫ్2 లాంటి కలయిక) తగిలితే అక్కడే ఆగి, తాళం తీసుకుని, ముందున్న కన్సోల్ నంబరు మార్చి, తెర గీసి, తాళం వదిలి, అప్పుడు తర్వాతి బైటు తీయాలి. అప్పుడు మనిషి కొట్టిన వరసే యంత్రానికీ వరస. తాళం అన్ని కన్సోల్స్‌కీ కలిపి ఒక్కటి చాలు. నీ దశలో కన్సోల్‌కో తాళం పెడితే తాళాలు వెతుక్కోవడంతోనే సెమిస్టర్ అయిపోతుంది.

ఆల్ట్ ఇరుక్కుపోవడం దగ్గరికొద్దాం. ఎడమ ఆల్ట్ నొక్కితే 38 వస్తుంది, వదిలితే బి8. నొక్కింది మొదటి కన్సోల్‌లో ఉండగా, వదిలింది రెండో దానికి మారాక. నీ ఆల్ట్ గుర్తు కన్సోల్ స్ట్రక్చర్‌లో ఉంది కాబట్టి మొదటిదానికి వదిలిన సంగతి ఎప్పటికీ తెలియదు. తిరిగొచ్చి 'ఎ' కొడితే ఆల్ట్+ఎ అనుకుంటుంది. కాగితం మీద ఎడమవైపు రాసుకున్నదాన్ని ఎడమవైపే ఉంచితే సగం బాధ తీరుతుంది.

మిగతా సగం ప్రోగ్రాంలకి చెప్పే తీరులో ఉంది. నొక్కడం, వదలడం రెండూ నేరుగా అందుకునే ఆటలాంటి ప్రోగ్రాం పాత కన్సోల్‌లో ఉంటే, మారే ముందు దానికి "నీ దగ్గర నొక్కి ఉన్నవన్నీ వదిలేశారు" అని నువ్వే చెప్పాలి. అటు కొత్త కన్సోల్‌కి, తాను నొక్కడం చూడని ఎఫ్2 వదిలినట్టు కబురు వెళ్లకూడదు. హాట్‌కీగా మింగిన కీకి వదలడం కూడా మింగాల్సిందే. కీకి ఒక బిట్టు చొప్పున 256 బిట్లు, అంటే 32 బైట్ల పట్టిక పెట్టుకో: ఏ కీ నొక్కు మింగానో దాని వదులూ మింగుతాను, అంతే. పక్కనే నొక్కి ఉన్న కీల పట్టిక ఇంకో 32 బైట్లు. ముందే నొక్కి ఉన్న కీ మళ్లీ నొక్కినట్టు వస్తే అది కీబోర్డు తనంతట తాను తిప్పి పంపేది. హాట్‌కీలకి దాన్ని లెక్కచేయకు. లేకపోతే ఆల్ట్+కుడి బాణం ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుంటే కన్సోల్స్ రంగులరాట్నంలా తిరుగుతాయి.

నీ కోడులో ఇ0 (తర్వాతి బైటు వేరే కీది అని చెప్పే ముందు బైటు) వస్తే వదిలేసి తర్వాతి బైటు మామూలుగా చదువుతున్నావు. దాంతో కుడి ఆల్ట్ కూడా ఎడమదే అయిపోతోంది. అది కనపడే తప్పు. కనపడనిది ఇంకోటి: నమ్ లాక్ వెలిగి ఉన్నప్పుడు బాణాలు, పేజ్ అప్ లాంటి కీలు తమకి ముందు ఇ0 2ఎ అని ఒక దొంగ షిఫ్ట్ పంపుతాయి, వదిలాక ఇ0 ఎఎ. ఇ0 వదిలేస్తే నీకు అది నిజం షిఫ్ట్‌లాగే కనపడుతుంది. 1980ల నాటి పాత సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన ఏర్పాటు, ఇప్పటికీ మన నెత్తిన ఉంది. ఇ0 వెనక 2ఎ, 36, ఎఎ, బి6 ఏది వచ్చినా పారెయ్యి.

ఇన్ని చేసినా క్యూఎములో ఆల్ట్ ఇరుక్కోవచ్చు. నువ్వు ఆల్ట్+ట్యాబ్ కొట్టి బ్రౌజర్‌కి వెళ్తే ఆల్ట్ వదిలింది నీ అసలు యంత్రానికి తెలుస్తుంది, లోపలి దానికి తెలియకపోవచ్చు. అది నీ తప్పు కాదు. ఒకపాలి ఆల్ట్ నొక్కి వదిలితే సర్దుకునేలా రాసుకో చాలు. అలాగే కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 లాంటివి పరీక్షించాలంటే నీ లినక్స్ డెస్క్‌టాప్ మధ్యలోనే ఎత్తుకుపోతుంది. క్యూఎము కిటికీలో కంట్రోల్+ఆల్ట్+2 కొడితే మానిటర్ (క్యూఎముకే ఆజ్ఞలిచ్చే తెర) వస్తుంది. అక్కడ సెండ్‌కీ ఆజ్ఞతో ఏ కీ కావాలంటే ఆ కీ లోపలికి పంపొచ్చు. కంట్రోల్+ఆల్ట్+1 కొడితే మళ్లీ నీ తెర.

ఏ కీలు అన్న ప్రశ్నకి వచ్చాను. నిజానికి ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు, పలాసలో నేర్చుకున్నాను. 2000ల మొదట్లో నేను విజయనగరం నుంచి చుట్టుపక్కల ఊళ్లకి తిరిగి దుకాణాల్లో లెక్కల యంత్రాలు పెట్టేవాణ్ని. పలాసలో ఒక జీడిపిక్కల సావుకారు దగ్గర ఒకే లినక్స్ యంత్రం, మౌసు లేదు, గ్రాఫిక్స్ లేవు. ఆల్ట్+ఎఫ్1లో బిల్లు, ఎఫ్2లో తూకం, ఎఫ్3లో సరుకు నిల్వ, ఎఫ్4 నాకు. గుమాస్తా గారికి యాభై దాటాయి, అప్పటిదాకా కంప్యూటర్ ముట్టలేదు, వారంలో నాకన్నా వేగంగా మార్చడం మొదలెట్టారు. ఆయన ఎఫ్ కీల మీద తెల్ల టేపు అంటించి పెన్నుతో "బి", "తూ", "ని" అని రాసుకున్నారు. ఎఫ్ కీలు ఎందుకు మంచివో అప్పుడు అర్థమైంది: వరసగా ఉంటాయి, లెక్కపెట్టొచ్చు, చూడకుండా వేలు వెళ్తుంది.

ఓ రోజు తెర కదలట్లేదని ఎవరో కుర్రాడు కంట్రోల్+ఆల్ట్+డిలీట్ కొట్టేశాడు. వేరేచోట విండోస్‌లో అలవాటు. 80 కిలోల బస్తాలు లారీకి ఎక్కుతున్నాయి, సగం రాసిన బిల్లు పోయింది, యంత్రం రీబూట్. తీరా చూస్తే తెర కదలకపోవడానికి కారణం తెర మీద రాత ఆపే కంట్రోల్+ఎస్ పొరపాటున తగలడం. కంట్రోల్+క్యూ కొడితే సరిపోయేది. సావుకారు నన్నన్న మాటలు ఇక్కడ రాయను. తప్పు నాదే. ఇనిట్‌ట్యాబ్‌లో (లినక్స్ లేచేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) ఆ మూడు కీలకి రీబూట్ అని ఉన్న వరస నేను మార్చకుండా వదిలేశాను.

ఆ మూడు కీల కథ నీకు తెలిసే ఉంటుంది. 1981 నాటి ఐబీఎం పీసీకి అక్కడి ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ రాశాడు. ముందు కంట్రోల్+ఆల్ట్+ఎస్కేప్ అనుకున్నారు. అవి ఎడమచేతి వైపే ఉండి పొరపాటున తగిలే వీలుందని, రెండు చేతులూ కావాల్సిన డిలీట్‌కి మార్చారు. అది కూడా తయారుచేసేవాళ్ల కోసం పెట్టుకున్నది, కొనుక్కునేవాళ్ల కోసం కాదు. చేయి జారితే పని పాడుచేసే కీ రోజూ వాడే కీల పక్కన ఉండకూడదు అన్న ఆలోచన నీకూ పనికొస్తుంది. కన్సోల్ మార్పు ఎన్నిసార్లు తప్పు నొక్కినా నష్టం లేదు, తిరిగి రావొచ్చు. అందుకే దానికి రెండు కీలు చాలు. రీబూట్ లాంటివి మూడు కీలకి తక్కువ కాకుండా ఉంచు, అవి ఏమిటో సెట్టింగులో మార్చుకోనివ్వు.

కాబట్టి: ఎడమ ఆల్ట్+ఎఫ్ కీ. కుడి ఆల్ట్ ముట్టుకోకు. మన ఇంగ్లీషు లేఅవుట్‌లో కుడి ఆల్ట్+4 అంటే రూపాయి గుర్తు, అలాంటివాటికి అది కావాలి. (లినక్స్ మాత్రం కుడి ఆల్ట్+ఎఫ్1కి పదమూడో కన్సోల్ ఇస్తుంది. పదమూడోది వాడినవాణ్ని నేను చూడలేదు.) కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ కీలకి ఎఫ్ఎన్ తోడు కావాల్సి వస్తుంది కనక ఆల్ట్+ఎడమ బాణం, కుడి బాణం కూడా పెట్టు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇందాకటి కన్సోల్‌కి వెనక్కి వెళ్లే కీ ఒకటి పెట్టు. గుమాస్తా గారు నన్ను అడిగిన ఒకే ఒక్క సదుపాయం అదే. బిల్లు, తూకం, బిల్లు, తూకం. ఆ రెండింటి మధ్యే రోజంతా. ఇంకో పని, తెర మూలన కన్సోల్ నంబరు చూపించు, వీలైతే పై వరసకి ఒక్కోదానికి ఒక్కో రంగు. లేకపోతే తూకం పడాల్సిన చోట బిల్లు అంకెలు పడతాయి.

ఎన్ని అంటే నాలుగు చాలు. లినక్స్ 63 దాకా ఒప్పుకుంటుంది, మామూలుగా లాగిన్ ఇచ్చేవి ఆరు. నాలుగులో ఒకటి కెర్నెల్ సందేశాలకే కేటాయించు, మిగతా మూడింటి మీద అవి చిమ్మకుండా ఉంటాయి.

కీల పట్టికని ఇఫ్-ఎల్స్‌లుగా రాయకు. "ఈ మాడిఫైర్లు (ఆల్ట్, షిఫ్ట్ లాంటివి), ఈ కీ, ఈ పని" అని ఒక పట్టిక, దాన్ని తిప్పే నాలుగు వరసల కోడు. ఆ పట్టిక కన్సోల్ క్యూ కన్నా ముందు చూడాలి. ఏ ప్రోగ్రాం ఎంత బతిమాలినా, కీబోర్డు మొత్తం నాకే కావాలన్నా, ఒక్క కలయిక మాత్రం కెర్నెల్ చేతిలోనే ఉండాలి. లేదంటే ఆ ప్రోగ్రాం బిగుసుకుంటే నీకు పవర్ బటనే దిక్కు. లినక్స్‌లో గ్రాఫిక్స్ సర్వర్ కీబోర్డు తీసేసుకుని పడిపోయినప్పుడు ఆల్ట్+సిస్‌రిక్వెస్ట్+ఆర్ కొట్టి వెనక్కి లాక్కునేది అందుకే. ఇందులో భద్రత కూడా ఉంది. లాగిన్ తెరలాంటి దొంగ తెర ఎవరైనా గీయగలరు, కానీ కెర్నెల్ కలయికని ఏ ప్రోగ్రామూ మధ్యలో పట్టుకోలేదు. విండోస్ ఎన్‌టీ లాగిన్ ముందు కంట్రోల్+ఆల్ట్+డిలీట్ అడిగింది ఆ ధైర్యంతోనే.

తెర దాటి పైకి పోయిన రాతని వెనక్కి జరిపి చూడటం ఇప్పుడే పెట్టుకోకపోయినా పర్వాలేదు. లినక్సే 2020లో తన టెక్స్ట్ కన్సోల్ నుంచి ఆ కోడు తీసేసింది, చూసుకునేవాళ్లు లేక తప్పులు పేరుకుపోయి. పెడితే 200 వరసల రింగు, కన్సోల్‌కి 32,000 బైట్లు. కొత్త రాత వచ్చినప్పుడు కాదు, కీ నొక్కినప్పుడే తెర కిందకి దూకాలి.

చివర్లో తెలుగు చూపించొచ్చా అని కూడా అడిగావు. ఫ్రేమ్‌బఫర్‌కి వెళ్లేదాకా ఆ జోలికి పోకు. "శ్రీకాకుళం" అన్న మాటలో యూనికోడ్ గుర్తులు 10, కంటికి కనపడే అక్షరాలు 4. గడికి ఒక గుర్తు అనుకునే కన్సోల్‌కి ఇది మింగుడుపడదు. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ అక్షర రూపాలకే 512 దగ్గర హద్దు ఉంది. అది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

మార్పులన్నీ చేశాక ఇలా పరీక్షించు. నాలుగు కన్సోల్స్‌లోనూ ఒకటి నుంచి అంకెలు ఆగకుండా రాసే ప్రోగ్రాం నడుపు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఒక నిమిషం పాటు ఆల్ట్ వదలకుండా ఎఫ్1 నుంచి ఎఫ్4 ఇష్టమొచ్చినట్టు కొట్టు. రంగులు కలిస్తే తప్పు ప్రింట్‌లోనో, ఎస్కేప్ గుర్తులోనో ఉంది. అంకెలు మధ్యలో ఎగిరిపోతే తాళం దగ్గర ఉంది. అంతా ఆగిపోతే హ్యాండ్లర్‌లో ఇంకా ఏదో పని మిగిలి ఉంది. తర్వాత ఆల్ట్ వదిలి నాలుగింటిలోనూ 'ఎ' కొట్టి చూడు. అప్పటికీ ఎక్కడైనా ఆల్ట్ ఇరుక్కుంటే, 60 పోర్టు నుంచి వచ్చిన ప్రతి బైటూ 3ఎఫ్8 సీరియల్ పోర్టుకి రాయించి ఆ వరస ఇక్కడ పెట్టు, చూస్తాను.